పది మార్కుల అధ్యక్షుడు

అమెరికా అధ్యక్షుడికి ఏయే అధికారాలు ఉన్నాయో చాలా ఏళ్లపాటు నేనే చెప్పాను. కోస్తాలో ఒక డిగ్రీ కాలేజీలో, తెలుగు మీడియంలో, రాజనీతిశాస్త్రం పాఠం చెప్పేవాణ్ని. ‘అమెరికా అధ్యక్షుని అధికారాలు, విధులను చర్చించుము’ అనేది మాకు పది మార్కుల ప్రశ్న. ఒక ఏడాది రాకపోతే మరుసటి ఏడాది తప్పకుండా వస్తుందని పిల్లలకు మాట ఇచ్చేవాణ్ని. ఆ ప్రశ్న నా మాట ఎప్పుడూ పోనివ్వలేదు.

దాని జవాబుకు ఒక మర్యాద ఉంది. ముందు ఉపోద్ఘాతం. తర్వాత ఎన్నిక, అర్హతలు, పదవీకాలం. ఆ తర్వాత అధికారాలు: కార్యనిర్వాహక అధికారాలు, శాసన అధికారాలు, న్యాయ అధికారాలు. ప్రతి సైడ్ హెడింగ్ కింద స్కెచ్ పెన్నుతో గీత. చివర ముగింపు. ఒక్క ముక్కలో జవాబు రాసేవాణ్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. ‘అధ్యక్షుడు బిల్లును వీటో చేయగలడు’ అని రాసి పెన్ను మూసేస్తే ఎలా? ‘అయితే, కాంగ్రెస్ అదే బిల్లును మూడింట రెండు వంతుల మెజారిటీతో మళ్లీ ఆమోదిస్తే ఆ వీటో చెల్లదు’ అని కదా రాయాలి! ‘అయితే’ లేని జవాబుకు నా దగ్గర సగం మార్కులే. పిల్లలు నన్ను ‘అయితే మాస్టారు’ అనేవారని రిటైరయ్యాక తెలిసింది. నాకేమీ బాధ కలగలేదు.

అప్పటికి నేను అమెరికా చూడలేదు. చూడాల్సిన అవసరం ఉందని కూడా అనుకోలేదు.

ఇప్పుడు అమెరికాలో, ప్లేనో అనే ఊళ్లో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాం, నేనూ మా ఆవిడా. ఆవిడ గర్ల్స్ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసింది. లెక్క చివర జవాబు రాసి దాని చుట్టూ గడి గీస్తే ఆవిడకు పని అయిపోయినట్టే. ఆ గడి బయట ఏముందో పట్టించుకోదు. అలాంటి మనిషికీ నాకూ జాతకాలు కలిశాయని చెప్పిన పంతులుగారు ఏం చూసి చెప్పారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

సాయంత్రాలు పార్కులో నడిచే మనవాళ్లకు నేను ఆస్థాన పండితుణ్ని. అధ్యక్షుడు పొద్దున ఏదైనా ఆర్డర్ మీద సంతకం పెడితే సాయంత్రానికి నా చుట్టూ జనం చేరేవారు. “మాస్టారూ, ఆయన ఇట్లా ఆర్డర్ వేసెయ్యచ్చా?” అని ఒకరు, “మా వాడి హెచ్‌వన్ వీసా రెన్యూవల్ సంగతేంటండీ?” అని ఇంకొకరు. ఒకసారి ఎంఎస్ చదివే కుర్రాడు ఆపి, “అంకుల్, ప్రెసిడెంట్ స్టూడెంట్ వీసాలు ఆపేయగలడా?” అని అడిగాడు. మంచి ప్రశ్న. వీళ్లు రాజ్యాంగం రాసుకున్న రోజుల నుంచి మొదలుపెట్టాను. నేను శాసన అధికారాల దాకా వచ్చేసరికి, తనను ఎక్కించుకెళ్లే కారు వచ్చిందని చెప్పి అతను వెళ్లిపోయాడు. వెళ్లి, పక్కనే ఆపి ఉన్న తన సొంత కారు ఎక్కి డ్రైవ్ చేసుకుంటూ పోయాడు.

పౌరసత్వానికి అప్లై చేద్దామన్నది మా ఆవిడ. బాపట్లలో ఆవిడ అక్కగారు ఉన్నారు. భర్త పోయాక ఒక్కరే ఉంటున్నారు. ఆమె దగ్గరకెళ్లి నెలల తరబడి ఉండి రావాలని మా ఆవిడ కోరిక. గ్రీన్‌కార్డుతో అలా కుదరదు. ఆరు నెలలు దాటితే ఎయిర్‌పోర్టులో సవాలక్ష ప్రశ్నలు, ఏడాది దాటితే కార్డుకే ఎసరు. కిందటిసారి ఎయిర్‌పోర్టులో ఆఫీసరు, “మీరు ఇక్కడ ఉంటున్నారా, చుట్టపుచూపుగా వస్తున్నారా?” అని అడిగినప్పుడు ఆవిడ ముఖం మాడిపోయింది. పౌరసత్వం వస్తే ఈ తలనొప్పి ఉండదు. అంటే బాపట్లలో నిశ్చింతగా ఉండటానికి మేము అమెరికన్లం కావాలన్నమాట.

పౌరసత్వం ఇచ్చే ముందు ఒక ఇంటర్వ్యూ పెడతారు. ఇంగ్లీషు చదివిస్తారు, ఒక వాక్యం రాయిస్తారు, ఈ దేశ ప్రభుత్వం గురించి కొన్ని ప్రశ్నలు అడుగుతారు. ఆ ప్రశ్నలూ జవాబులూ ముందే ఇచ్చేస్తారు. మా ఆవిడ వాటిని బట్టీ పట్టింది. నేను ఆ పుస్తకం తెరిచి, రెండు పేజీలు తిప్పి, మూసేశాను. నా పాఠం నాకే అప్పజెప్పమంటున్నారని నవ్వుకున్నాను.

ఇద్దరికీ ఒకే రోజు ఇంటర్వ్యూ పడింది. ఆవిడను ఒక గదిలోకి పిలిచారు, నన్ను ఇంకో గదిలోకి. నా ఆఫీసరు కుర్రవాడు, మర్యాదస్తుడు. చదవడం, రాయడం అయ్యాక మొదటి ప్రశ్న వేశాడు: అధ్యక్షుడి క్యాబినెట్ ఏం చేస్తుంది?

అధ్యక్షుడికి సలహా ఇస్తుంది అంటే సరిపోయేది. నేను అదే అనబోయి, కుర్చీలో సర్దుకుని, “సర్, మా దేశంలో క్యాబినెట్ చెప్తే రాష్ట్రపతి సంతకం పెడతారు. ఇక్కడ అధ్యక్షుడు చెప్తే క్యాబినెట్ తల ఊపుతుంది. కాబట్టి దీన్ని తులనాత్మకంగా చూడాలి,” అని నా ఇంగ్లీషులో మొదలుపెట్టాను. “అయితే జవాబు ఏమిటి?” అన్నాడాయన. “ఇట్ డిపెండ్స్, సర్,” అన్నాను. ఆయన ఏదో రాసుకున్నాడు. పాపం నోట్సు రాసుకుంటున్నాడనుకుని నేను వేగం తగ్గించాను.

అలా ప్రశ్న వెనక ప్రశ్న నడిచింది. ప్రతిదానికీ నేను, “పుస్తకం ప్రకారం చెప్పమంటారా, వాస్తవంగా చెప్పమంటారా?” అని అడిగాను. చివరికి ఆయన, “అధ్యక్షుడి అధికారాల్లో ఒకటి చెప్పండి,” అన్నాడు.

నేను నిర్ఘాంతపోయాను. ఒకటా? “ఏ కోవకు చెందినది సర్? కార్యనిర్వాహకమా, శాసనమా, న్యాయమా?”

“ఏదైనా సరే. ఒక్కటి.”

“ఒక్కటే చెప్తే జవాబు అసంపూర్ణం అవుతుంది సర్.”

ఆయన పెన్ను కింద పెట్టాడు. చదవడం పాస్, రాయడం పాస్, ప్రభుత్వం గురించిన ప్రశ్నల్లో ఫెయిల్ అని చాలా మెల్లగా చెప్పాడు. ఇంకో అవకాశం ఉందట, అది కూడా పోతే మళ్లీ మొదటి నుంచి అప్లై చేసుకోవాలట. “ఈసారి చిన్నగా చెప్పండి,” అని తలుపు దాకా వచ్చి సాగనంపాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

బయట మా ఆవిడ బెంచీ మీద కూచుని చిప్స్ తింటోంది. ఆవిడ పాసై చాలాసేపయిందట.

“నిన్ను అధికారాలు అడిగారా?” అన్నాను.

“ఒకటి చెప్పమన్నాడు. సర్వసైన్యాధ్యక్షుడు అన్నాను. సరేనన్నాడు.”

“యుద్ధం ప్రకటించే అధికారం కాంగ్రెస్‌దని చెప్పలేదా?”

“అడగలేదుగా,” అని నాకో చిప్ అందించింది.

ఆవిడ ప్రమాణం చేసి పౌరురాలైంది. అక్కడ ఇచ్చిన చిన్న జెండాను తెచ్చి పెరట్లో కరివేపాకు కుండీలో గుచ్చింది. నేను కరివేపాకు కోసుకురావడం మానేశాను.

ఆ తర్వాత కొద్ది రోజులకే బాపట్ల నుంచి ఫోను. వదినగారు బాత్రూంలో జారిపడ్డారు, తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగా జరిగింది. బెంగళూరులో ఉద్యోగం చేసే కూతురు సెలవు పెట్టి వచ్చింది. డాక్టరు లేచి నడవమన్నారు. ఆమె మాత్రం మంచం దిగలేదు. నడిస్తే మళ్లీ పడతానని భయం.

రోజూ వీడియో కాల్. “ఇవాళ లేచావా అక్కా?” అని మా ఆవిడ అడిగేది. “రేపు లేస్తాలేవే,” అనేవారామె. మళ్లీ మర్నాడు అదే ప్రశ్న, అదే రేపు.

నేను ఫెయిలయ్యానని తెలిసిన రోజు మాత్రం వదినగారు నవ్వీ నవ్వీ ఆయాసపడ్డారు. “మా మరిదిగారిని అధ్యక్షుడి అధికారాల్లో ఫెయిల్ చేశారా! ఏం కాలం వచ్చిందే! మీ పెళ్లి భోజనాలప్పుడు నేను సాంబారు వడ్డించడానికొస్తే నన్ను నిలబెట్టి అమెరికా రాజ్యాంగం చెప్పారు గుర్తుందా? నా చేతిలో సాంబారు బకెట్టు, పంక్తిలో అందరూ ఉత్త అన్నం ముందేసుకుని కూచున్నారు. ‘పెరుగు తెస్తాను మరిదిగారూ’ అని చెప్పి పారిపోయాను. ఇప్పటిదాకా తేలేదు!” అన్నారు. నవ్వు ఆగాక ఒత్తిగిలి పడుకోబోయి, నొప్పికి మొహం చిట్లించి, ఫోను అవతల పెట్టేశారు. స్క్రీన్ మీద ఫ్యాను తిరుగుతూ కనిపించింది.

“నేను పక్కన ఉంటే లేచి నడుస్తుంది. అక్కకి సైకిల్ నేర్పింది కూడా నేనే,” అంది మా ఆవిడ. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

నాకు రెండోసారి ఇంటర్వ్యూ తేదీ వచ్చింది. ఈసారి నన్ను తయారుచేసే బాధ్యత హైస్కూల్లో చదివే మా మనవరాలు తీసుకుంది. “తాతా, నీ ప్రాబ్లం నాలెడ్జ్ కాదు. నువ్వు ఆన్సర్ చెప్పి స్టాప్ అవ్వాలి. దట్స్ ఇట్,” అంది. దేవుడి గదిలోంచి గంట తెచ్చి నా ఎదురుగా కూచుంది. నేను ‘అయితే’ అన్నా, ‘హవెవర్’ అన్నా గంట కొట్టడమే.

“హూ వీటోస్ బిల్స్, తాతా?”

“అధ్యక్షుడు. అయితే—”

గంట.

“అధ్యక్షుడు. కానీ—”

“అది కూడా సేమ్ వర్డ్, తాతా,” అని ఇంకోసారి గంట.

ఈ రూలు అక్కడితో ఆగలేదు, వంటింట్లోకీ వచ్చింది. “కూర ఎలా ఉందండీ?” అని మా ఆవిడ అడిగితే, “బాగుంది. అయితే—” అనేలోపు హాల్లోంచి గంట మోగేది. ఉప్పు తక్కువైన సంగతి చెప్పడానికి వీల్లేని ఇంట్లో భావప్రకటన స్వేచ్ఛ గురించి మాట్లాడి ఏం లాభం? కొన్నాళ్లకు నా పరిస్థితి ఎక్కడికి వచ్చిందంటే, పొద్దున పూజలో కోడలు గంట కొడితే నేను చదువుతున్న శ్లోకం మధ్యలో ఆపేసేవాణ్ని.

పార్కులో కూడా ప్రాక్టీసు చేశాను. “మాస్టారూ, ఆయన ఇట్లా ఆర్డర్ వేసెయ్యచ్చా?” అన్నారు. “వేయొచ్చు,” అని చెప్పి నడుచుకుంటూ వెళ్లిపోయాను. నేను ఇంటికి చేరేలోపు మా అబ్బాయికి రెండు ఫోన్లు వచ్చాయి, మీ నాన్నగారికి ఒంట్లో బాగానే ఉందా అని.

ఇంటర్వ్యూకి కొద్ది రోజుల ముందు, మా గదిలో మంచం మీద సూట్‌కేసు తెరిచి ఉంది. ఒక్కటే సూట్‌కేసు, మా ఆవిడది. చీరల మీద, అరికాలి వైపు రబ్బరు చుక్కలున్న జారని సాక్సులు కట్టలుగా ఉన్నాయి. అవి వదినగారి కోసం.

“నా సూట్‌కేసు ఏదీ?” అన్నాను.

“క్లోజెట్ పైన ఉంది. మీరు పాసైతే దించుతాను. నేను ముందు వెళ్తాను, మీరు పాస్‌పోర్టు రాగానే వెనకాలే వద్దురుగాని.”

“పాస్ కాకపోతే?”

“అది పైనే ఉంటుంది, మీరూ ఇక్కడే ఉంటారు. మళ్లీ అప్లై చేసుకుంటారు, ఎప్పుడు పిలుస్తారో తెలియదుగా. అక్క కూతురికి సెలవు అయిపోయిందండీ. ఇంక ఆగలేను.”

“మళ్లీ ఎప్పుడొస్తావు?”

“అక్క నడిచాక.”

నాకు కోపం వచ్చింది. “నేను లేకుండా ఎలా వెళ్తావు?” అన్నాను.

“తలుపు తీసుకుని,” అంది ఆవిడ, సాక్సులు సర్దుతూ.

వీటో గురించి అన్నేళ్లు పాఠం చెప్పినా, అది తగిలితే ఎలా ఉంటుందో నాకు ఆరోజే తెలిసింది. మూడింట రెండు వంతుల మెజారిటీ కూడగడదామంటే అబ్బాయి, కోడలు, మనవరాలు ముగ్గురూ ఆవిడ పక్షమే. నాకు నిజంగా భయం వేసింది. పెళ్లయిన దగ్గర్నుంచి నేను చెప్పే ప్రతి ‘అయితే’నూ వింటూనో, విననట్టు నటిస్తూనో ఈ మనిషి ఎదురుగా ఉంది. ఆవిడ లేని ఇంట్లో నేను ఎవరితో మాట్లాడాలి? నేనే వెళ్లి మనవరాల్ని పిలిచి గంట పట్టుకు రమ్మన్నాను.

రెండోసారి ఆఫీసరు ఒక పెద్దావిడ. కళ్లజోడుకు గొలుసు, ముఖంలో తీరిక. ముందు ఒక కాగితం మీద నా పేరు రాయమంటే రాశాను. అలవాటుకొద్దీ దాని కింద గీత గీయబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ప్రశ్నలు మొదలయ్యాయి. బిల్లుల మీద సంతకం ఎవరు పెడతారు? అధ్యక్షుడు. క్యాబినెట్ ఏం చేస్తుంది? సలహా ఇస్తుంది. ఒక్కో జవాబు తర్వాతా పెదవులు బిగపట్టి కూచున్నాను. ఇంత తక్కువ మాట్లాడి నేను ఎప్పుడూ ఇంత అలిసిపోలేదు.

“అధ్యక్షుడి అధికారాల్లో ఒకటి చెప్పండి.”

అన్నీ ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి, సైడ్ హెడింగులతో సహా.

“వీటో,” అన్నాను.

ఆవిడ టిక్కు పెట్టి, నా కాగితాల వంక చూసి, నవ్వుతూ ముందుకు వంగింది. “మీరు పొలిటికల్ సైన్స్ లెక్చరరట కదా! దీని గురించి ఇంకేమైనా చెప్తారా?”

అమెరికా వచ్చాక ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. ఇండియాలో కూడా ఎవరూ అడిగిన గుర్తు లేదు. పాకెట్ వీటో నాలుక చివరి దాకా వచ్చింది. పది రోజులు అధ్యక్షుడు బిల్లును సంతకం పెట్టకుండా ఉంచుకుని, ఈలోగా కాంగ్రెస్ సమావేశాలు ముగించుకుని వెళ్లిపోతే ఆ బిల్లు చచ్చినట్టే. ఎంత అందమైన ఏర్పాటు! ఆమె వింటుంది కూడా, ముఖం చూస్తే తెలుస్తోంది. ఒక్క రెండు నిమిషాలు. కానీ మొదలుపెడితే నేను రెండు నిమిషాల్లో ఆగనని నాకు తెలుసు. నా వెనక ఎక్కడో గంట మోగినట్టయింది. సూట్‌కేసులో సాక్సులు గుర్తొచ్చాయి.

“లేదు మేడమ్,” అన్నాను. “అంతే.”

పాసయ్యాను.

కార్లో మా అబ్బాయి డ్రైవ్ చేస్తున్నాడు, నేనూ మా ఆవిడా వెనక కూచున్నాం.

“అధికారం అడిగారా?” అంది.

“అడిగారు. వీటో అన్నాను.”

“అంతేనా?”

“అంతే.”

“మూడింట రెండు వంతుల సంగతి?”

“చెప్పలేదు.”

“పాకెట్ వీటో?”

ఆవిడకు పాకెట్ వీటో తెలుసని నాకప్పటిదాకా తెలియదు. “అదీ చెప్పలేదు. ఆ ఆఫీసరు అడిగినా చెప్పలేదు,” అన్నాను. మా ఆవిడ నా చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ఇల్లు వచ్చేదాకా వదల్లేదు. “బాపట్ల వచ్చాక మొత్తం చెప్పుకుందురుగాని, ఉపోద్ఘాతం నుంచి. అక్క వింటుంది. పాపం ఎలాగూ లేచి వెళ్లలేదు,” అంది. ఇంటికి రాగానే స్టూలు వేసుకుని నా సూట్‌కేసు దించింది.

ఆవిడ ముందు వెళ్లింది. నేను ప్రమాణం చేసి, పాస్‌పోర్టు తీసుకుని, ఆ పాస్‌పోర్టు మీద బాపట్ల వెళ్లడానికి ఇండియా వీసా తీసుకుని, వెనకాలే వెళ్లాను. అప్పటికి వదినగారు మంచం దిగి కుర్చీలో కూచుంటున్నారు. మా ఆవిడ చెయ్యి పట్టుకుంటే హాలు చివరి దాకా నడుస్తున్నారు. చెయ్యి వదిలితే మాత్రం ఒక్క అడుగు కూడా వేయడం లేదు. వాకర్ కుర్చీ పక్కనే ఉంది, కొత్తది కొత్తగానే ఉంది. మా ఆవిడ బతిమాలింది, కోప్పడింది, సైకిల్ సంగతి గుర్తుచేసింది. ఏమీ లాభం లేకపోయింది.

నేను వెళ్లిన మర్నాడు పొద్దున, “ఇంతకీ ఆ పరీక్షలో ఏం అడిగారు మరిదిగారూ?” అన్నారు వదినగారు, మర్యాదకు. నేను మా ఆవిడ వైపు చూశాను. కానివ్వండి అన్నట్టు తల ఊపి, ఆవిడ వంటగదిలోకి వెళ్లింది. నేను కుర్చీ దగ్గరగా లాక్కుని ఉపోద్ఘాతం మొదలుపెట్టాను. ఎన్నిక అయింది. అర్హతలు, పదవీకాలం అయ్యాయి. కార్యనిర్వాహక అధికారాలు ఏదీ వదలకుండా చెప్పాను. శాసన అధికారాల్లోకి వచ్చి, వీటో మొదలుపెట్టి, పాకెట్ వీటో దాకా వచ్చేసరికి వదినగారు అటూ ఇటూ చూశారు. వాకర్ దగ్గరకు లాక్కున్నారు. రెండు చేతులూ దాని మీద ఆనించి, పళ్ల బిగువున లేచి నిలబడ్డారు.

“మరిదిగారూ,” అన్నారు, “పెరుగు తెస్తాను.”

ఒక అడుగు వేశారు. ఆగి, ఇంకో అడుగు వేశారు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, జారని సాక్సులతో, హాలు దాటి వంటగది వైపు నడుచుకుంటూ వెళ్లారు. గుమ్మంలో మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఆపితే వదినగారు వెనక్కి వచ్చి కూచుంటారేమోనని నేను పాఠం ఆపలేదు. గొంతు ఇంకాస్త పెంచి, ఖాళీ కుర్చీకి న్యాయ అధికారాలు కూడా పూర్తిగా చెప్పాను.

వంటగదిలోంచి అక్కాచెల్లెళ్ల నవ్వు వినిపించింది. పెరుగు మాత్రం రాలేదు.